ట్రాక్టర్ బ్యాటరీ తీసుకెళ్ళిన రోజు

పాత కారుకి ఒక బ్యాటరీ ఎంచుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. మా పెళ్ళిచూపులు అరగంటలో అయిపోయాయి. ఇప్పుడున్న ఇల్లు రెండుసార్లు చూసి సరేనన్నాను. బ్యాటరీకి మాత్రం రెండు నెలలు! ఈ మాట మా ఆవిడ నలుగురిలో చెబుతుంటే మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ చెప్పడం మానేసింది, నేను నవ్వడం మానేశాను.

గుంటూరులో ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. జీవితమంతా స్కూటరే. రిటైరయ్యాక, తుళ్లూరు వైపు మా ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చిన స్థలం అమ్మినప్పుడు, సిగ్గు విడిచి ఆవిణ్ణి అడిగి, హైదరాబాదులో ఒకాయన దగ్గర ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాను. ఇరవై ఏళ్ళ నాటిది. రెండే సీట్లు, పైన బట్ట కప్పు, నేలకు జానెడు ఎత్తు. "వయసు అరవై దాటింది, సీట్లు రెండు, అందులో ఒకటి ఖాళీ. నేను మాత్రం ఎక్కను బాబూ" అంది మా ఆవిడ. అన్నట్టే ఇంతవరకూ ఎక్కలేదు.

బ్రాడీపేటలో మా సందులో ఆ కారు పెట్టే చోటు లేదు. ఆటోలు, స్కూటర్లు, కోచింగ్ సెంటర్ పిల్లల సైకిళ్ళు. ప్రతి స్పీడ్ బ్రేకరుకీ కింద కర్రుమని రాసుకునేది. అందుకని అద్దంకి దగ్గర మా ఊళ్ళో, తమ్ముడి షెడ్డులో, వాడి ట్రాక్టర్ పక్కన పెట్టాను. వాడు మా ఉమ్మడి పొలం చేస్తాడు. మిర్చి, కొంచెం పత్తి. నేను పది పదిహేను రోజులకోసారి బస్సులో వెళ్ళి, కవరు తీసి, దుమ్ము తుడిచి, హైవే మీద ఒక చుట్టు తిప్పి, మళ్ళీ కవరు కప్పి వచ్చేవాణ్ణి.

అలా నిలబెట్టిన కారుకి బ్యాటరీ ఎందుకుంటుంది? చచ్చింది. తాళం తిప్పితే టిక్కుమని ఒక చప్పుడు, అంతే.

మా సందు చివర బ్యాటరీల షాపు ఉంది. ఓనరు నా ఈడువాడే. కారు సంగతంతా ఓపిగ్గా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మాస్టారూ, ముందు ఒకటి చెప్పండి. మీరు ఈ కారు నడుపుతారా, చూసుకుంటారా?" అన్నాడు.

"అదేం మాటండీ?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది.

"కోప్పడకండి. రోజూ నడిపే బండికి ఏది వేసినా పరవాలేదు. ఎప్పుడో ఒకసారి తీసే బండికి బ్యాటరీ కూర్చునే చచ్చిపోతుంది. పైగా మీ కారుకి బ్యాటరీ ముందు లేదు, డిక్కీలో ఉంది. ఛార్జింగ్ అయ్యేటప్పుడు గ్యాస్ వస్తుంది కదండీ, మూసిన డిక్కీలో అది ఉండకూడదు. బయటికి పోవడానికి సన్నటి గొట్టం తగిలించే రకం కావాలి. ఆసిడ్ కారని సీల్డు రకమైతే ఇంకా మంచిది. ఎత్తు రెండు వేళ్ళు ఎక్కువైనా పైన చెక్క మూసుకోదు. ప్లస్సు అటుండాల్సింది ఇటుంటే వైరు అందదు. మన ఊళ్ళో దొరకదండీ. చెన్నై నుంచి వారంలో తెప్పిస్తా, మీరు ఊఁ అంటే చాలు."

నేను ఊఁ అనలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు సీసం పలకలు, ఆసిడ్, ధన ధ్రువం, రుణ ధ్రువం అని బోర్డు మీద బొమ్మలేసిన వాణ్ణి, షాపువాడు చెబితే ఊఁ అంటానా? ఇంటర్నెట్‌లో చదవడం మొదలుపెట్టాను. ఒకాయన తేలికైన లిథియం రకం వెయ్యమంటాడు, ఇంకొకాయన అది అంటుకుంటుందంటాడు. చలిలో ఇంజను తిప్పే శక్తి ఎంత ఉండాలని రెండు వారాలు లెక్కలు వేసి, ఆ కాగితం షాపుకి తీసుకెళ్ళాను. "ఇవన్నీ మంచు కురిసే దేశాల లెక్కలండీ. గుంటూరులో బ్యాటరీని చంపేది చలి కాదు, మన ఎండ" అన్నాడాయన. నిజమే. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇంకా చదవాలన్నాను.

అసలు నిజం చెప్పాలంటే, నాకు అంత తీరిక ఎలా వచ్చిందంటే, తమ్ముడి ట్రాక్టర్ పక్కనే ఉంది కాబట్టి. నేను వెళ్ళగానే వాడు కేబుళ్ళు తెచ్చి ట్రాక్టర్ బ్యాటరీ నుంచి కారుకి కలిపేవాడు. కారు లేచేది. ఒక చుట్టు తిప్పి తెచ్చి షెడ్డులోనే ఆపేవాణ్ణి. ఊరికే దొరుకుతుంటే కొనే తొందర ఎవరికుంటుంది?

ఆ ట్రాక్టర్ గురించి ఒక మాట చెప్పాలి. దాన్ని తమ్ముడితోపాటు వాడి భార్య, మా మరదలు కూడా నడిపేది. మా ఊళ్ళో ట్రాక్టర్ నడిపే ఆడమనిషి ఆ అమ్మాయి ఒక్కతే. తమ్ముడే పట్టుబట్టి నేర్పాడు. "ట్రక్కు వెనక్కి పెట్టడంలో నేనే దాని దగ్గర నేర్చుకోవాల, తెలుసా అన్నయ్యా" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పి మురిసిపోయేవాడు. తాళం ఎప్పుడూ వంటింటి మేకుకు వేలాడుతుండేది. నడుముకు చీర కొంగు బిగించి, చెప్పులు విడిచి, ఆ అమ్మాయి ట్రాక్టర్ ఎక్కే తీరు చూస్తే నాకూ ముచ్చటేసేది.

నాతో మాత్రం మా మరదలు ఎక్కువ మాట్లాడదు. మా ఇళ్ళల్లో అంతే. నేను వరండాలో మంచం మీద కూర్చుంటే ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడుతుంది. నాకు చెప్పవలసింది ఉంటే తమ్ముడితో చెప్పిస్తుంది, లేకపోతే గుంటూరులో ఉన్న మా ఆవిడకు ఫోన్ చేస్తుంది. బావగారు ఒకటి కావాలంటే వద్దనడం అనేది లేదు. ఎవరూ పెట్టిన రూలు కాదు. నేను మాత్రం ఆ మర్యాదను హాయిగా అనుభవించాను.

మొన్న మార్చిలో ఒక గురువారం. తమ్ముడు ముందు రోజు సాయంత్రమే మొదటి కోత కాయ లారీకి ఎత్తించుకుని గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాడు. రెండో కోత కాయ పొలంలో కల్లం మీద ఎండుతోంది. నేలంతా ఎర్రగా పరిచి ఉంది, ఇంకో రెండు రోజులైతే బస్తాలకు ఎత్తడమే. ఇవన్నీ తెలిసే నేను ఊరికి వెళ్ళాను. అద్దంకిలో నా డిగ్రీ రోజుల మిత్రుడు ఒకడున్నాడు. "ఏరా, నీ కారు నిజంగా ఉందా, ఫోటోలేనా?" అని ఫోన్లో ఎగతాళి చేస్తుంటాడు. ఆ రోజు వాడికి కారు చూపించి తీరాలని బయల్దేరాను.

తమ్ముడు లేడు కాబట్టి కేబుళ్ళు నేనే కలిపాను. కారు లేచింది. అప్పుడు భయం పట్టుకుంది. అద్దంకిలో ఆపితే మళ్ళీ లేవదే! మిత్రుడి ముందు నలుగురి చేత తోయించుకోవాలా? ఛ! అందుకని, అంతకుముందు ఎప్పుడూ చెయ్యని పని చేశాను. ట్రాక్టర్ బ్యాటరీ విప్పేసి, మోసుకొచ్చి, కారు పక్క సీటు ముందు గోనెసంచి పరిచి దానిమీద పెట్టాను.

మా మరదలు షెడ్డు దగ్గరికి వచ్చింది. ట్రాక్టర్‌లో బ్యాటరీ ఉండే ఖాళీ చోటు చూసింది. తర్వాత ఆకాశం వైపు చూసి, "మబ్బుగా ఉందండీ బావగారూ" అంది.

మా ఇళ్ళల్లో ఆ మాటకు అర్థం "తీసుకెళ్ళకండి" అని. మరదలు బావగారితో అంతకంటే గట్టిగా చెప్పలేదు. నాకు అర్థం కాలేదని చెప్పుకుంటే మీరు నమ్మేవారేమో. కానీ నాకు అర్థమైంది. స్పష్టంగా అర్థమైంది.

"మార్చిలో వానేంటమ్మా! గంటలో వచ్చేస్తా" అని కారెక్కాను.

గంట కాలేదు. మిత్రుడు కారు చుట్టూ తిరిగాడు, కూర్చున్నాడు, హారన్ కొట్టాడు. బజారంతా తిప్పమన్నాడు. తిప్పాను. పిల్లలు వెంటపడి ఫోటోలు తీస్తుంటే, ఎందుకబద్ధం, గుండె ఉప్పొంగింది. వాడి ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. అప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది. కట్ చేశాను. మళ్ళీ చేసింది. కారు వేసుకుని తిరుగుతున్నందుకు దులిపేస్తుందని మళ్ళీ కట్ చేసి, ఫోన్ బోర్లించి పెట్టాను. ఆ ఫోన్ ఎందుకో తర్వాత తెలిసింది. మా మరదలు నాకు ఫోన్ చెయ్యలేక, ఆవిడకు చేసింది. "అక్కా, ఉరుముతోంది, బావగారిని బ్యాటరీ తెమ్మని చెప్పవా" అందట.

పెరుగన్నం కలుపుకుంటుంటే పెద్ద చినుకులు పడ్డాయి. గబగబా లేచాను.

నేను వెళ్ళేసరికి అరగంట వాన కురిసి వెలిసింది కూడా. టార్పాలిన్ పట్టలన్నీ ఇంటి దగ్గర షెడ్డులో ఉంటాయి. కల్లం కిలోమీటరు పైన. ట్రాక్టర్ స్టార్టయి ఉంటే మా మరదలు ట్రక్కులో పడేసుకుని ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయేది. చుట్టుపక్కల అందరికీ కల్లాలున్నాయి, ఎవరి కాయ వాళ్ళు కప్పుకునే హడావుడిలో ఇంకొకరికి ట్రాక్టర్ ఎవరిస్తారు? మా మరదలూ ఇద్దరు కూలి ఆడవాళ్ళూ పట్టలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తారు. సగం కప్పారు. మిగతా సగం తడిసింది. పది రోజులు ఎండిన కాయ మీద అరగంట వాన చాలు, తెల్లమచ్చలు పడి, సగం ధర కూడా రాని తాలు కాయ అయిపోతుంది. నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని తడి కాయ ఒక పక్కకీ పొడి కాయ ఒక పక్కకీ చేతులతో లాగుతోంది. చీర ఒంటికి అంటుకుపోయి, చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. మంట ఎంతుంటుందో నాకు తెలుసు, చిన్నప్పుడు మిర్చి కోసినవాణ్ణే.

నన్ను చూసి లేచి నిలబడింది. తిట్టినా బాగుండేది.

నేను ఏం చేశానో చెబుతాను. కాయ ఎత్తడానికి చెయ్యి వెయ్యలేదు. "బ్యాటరీ పెట్టేసొస్తా" అని గొణిగి షెడ్డుకి వెళ్ళి, దాన్ని ట్రాక్టర్‌కి బిగించాను. కారుకి కవరు కప్పాను. సాయం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. చేసింది గుర్తులు చెరిపేసుకోవడమే.

సాయంత్రం, పొద్దు ఉండగానే తమ్ముడు వచ్చాడు. కల్లం చూసి నేరుగా ఇంటికొచ్చాడు. నేను వాకిట్లో ఉన్నాను. కూలి ఆడవాళ్ళిద్దరూ ఉన్నారు.

"ట్రాక్టర్ ఎందుకు తీసుకుపోలేదే?" అని భార్య మీద అరిచాడు.

మా మరదలు నా వైపు చూసింది. ఒక్క క్షణం. నేను చెబుతానని చూసింది. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"స్టార్టు కాలేదు" అంది.

"కాలేదా? ఎట్టా కాదు?" వాడు వంటింట్లోకి పోయి తాళం తెచ్చి, షెడ్డులోకి వెళ్ళి ట్రాక్టర్ ఎక్కి తిప్పాడు. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

"ఇదిగో, ఇదేంది మరి? కాలేదంట! ఏడాది పంట నీళ్ళపాలు చేసి అబద్ధాలు కూడానా? ఇంట్లో నిద్రపోయుంటావ్! ఆడదానికి బండి నేర్పినందుకు నన్ను చెప్పుతో కొట్టుకోవాల!" అన్నాడు. కూలివాళ్ళ ముందు, నా ముందు. తాళం జేబులో వేసుకున్నాడు. మళ్ళీ మేకుకు తగిలించలేదు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. "ఒరేయ్, నేనురా" అంటే చాలు, రెండు మాటలు. వాడు కోపంలో ఉన్నాడు, చల్లారాక చెబుదామనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. పొద్దున్నే మొదటి బస్సుకి గుంటూరు వచ్చేశాను.

మా ఆవిడకు అంతా తెలుసు. గుమ్మంలోనే, "చెప్పారా?" అంది. లేదన్నాను. మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ వారమంతా కంచంలో అన్నం పెడుతూ అదే ప్రశ్న. ఊళ్ళో తమ్ముడు భార్యతో సరిగ్గా మాట్లాడటం లేదట. టీ కొట్టు దగ్గర "మా ఇంటిదాని నిర్వాకం" అని కథలా చెబుతున్నాడట. ట్రాక్టర్‌కి ఒక డ్రైవర్ని పెట్టుకున్నాడట. "ఆ పిల్ల నాతో కూడా మీ మీద ఒక్క మాట అనడం లేదు. నేను ఫోన్ చేసి చెప్పేస్తానంటే, వద్దక్కా, బావగారికి చిన్నతనం అంటోంది. మీకు సిగ్గేమన్నా ఉందా అసలు?" అంది. ఏమీ లేదని నాకూ తెలుస్తోంది.

షాపుకి వెళ్ళాను. "ఆ గొట్టం ఉండే రకం, సీల్డుది, మీరు చెప్పిందే తెప్పించండి" అన్నాను. రెండు నెలలుగా చేసిన లెక్కల కాగితాలు జేబులోంచి బయటికే తియ్యలేదు. షాపాయన ఆశ్చర్యపోయి, "ఇంకా చదవరా మాస్టారూ?" అన్నాడు. ఈ ఊఁ ఏదో నెల ముందు అని ఉంటే చాలు కదా అనిపించి, షాపులో నిలబడలేక వచ్చేశాను.

బ్యాటరీ రాగానే అద్దె కారు మాట్లాడుకుని ఊరికి తీసుకెళ్ళాను. తమ్ముడు ఎప్పటిలాగే ఎదురొచ్చాడు. నన్ను వొంగనివ్వలేదు. డిక్కీలో పాత బ్యాటరీ వాడే విప్పి తీశాడు, కొత్తది వాడే దించాడు. కింద అంచు క్లిప్పులో సరిగ్గా కూర్చుంది. గొట్టం తగిలించాడు. "భలే ఉందన్నయ్యా, కొలిచి చేసినట్టు! రెండు నెలలు వెతికితే వెతికావ్ గానీ" అన్నాడు ఆనందంగా. మా మరదలు మంచినీళ్ళ చెంబుతో షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నేను డిక్కీ మూసి వాడి వైపు తిరిగాను.

"ఒరేయ్, ఆ రోజు ట్రాక్టర్ బ్యాటరీ నేను తీసుకెళ్ళానురా. అద్దంకికి. ఆ అమ్మాయి మబ్బుగా ఉందని చెప్పింది. వినలేదు. నువ్వు వచ్చేలోపు నేనే మళ్ళీ బిగించాను. తప్పు నాదిరా. అంతా నాదే" అన్నాను. వాడు స్పానర్ విసిరికొట్టినా పడదామనుకున్నాను. పడాలనే వెళ్ళాను.

వాడు నా మొహం చూశాడు. తర్వాత నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! దీనికి ఇంత ఇదైపోతావేందన్నయ్యా? నువ్వు కావాలని చేశావా ఏంది? పోనీలే, నాలుగు కాయలు తడిసినయ్, అంతేగా" అని నా భుజం తట్టాడు. చొక్కా జేబులోంచి తాళం తీసి భార్య వైపు చాచాడు. "ఇదిగోనే, తాళం. నీ తప్పు కాదంట. అన్నయ్య చేసిన పనంట. లోపలికి పోయి కాఫీ పెట్టు, అన్నయ్య ఎప్పుడనగా బయల్దేరాడో" అన్నాడు.

పదిహేను రోజులు ఆ అమ్మాయిని మాటలతో కాల్చుకు తిన్నవాడు, నన్ను ఒక్క నిమిషంలో క్షమించేశాడు. ఏడాది పంట నా దగ్గరికొచ్చేసరికి నాలుగు కాయలైపోయింది. నాకు తేలిక కావలసింది పోయి, ఛాతీ మీద ఇంకో బరువు పడింది.

మా మరదలు తాళం అందుకోలేదు. చెంబు కింద పెట్టింది. భర్త వైపు చూడలేదు. ఆ ఇంటికి వచ్చిన ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆయన ట్రాక్టర్ స్టార్టు చేసి నన్ను అబద్ధాలకోరన్నప్పుడు, మీరు అక్కడే నిలబడి ఉన్నారు కదండీ బావగారూ?" అంది.

"ఉన్నానమ్మా" అన్నాను.